చెల్క భూముల సారమును యూరియా వాడకమును

హైదరాబాదు నగరమునకు పడమటనున్న రాయదుర్గము నేడు కార్యాలయ భవనములతో నిండియున్నను, ఆ రాళ్లగుట్టల చుట్టునుగల నేల ఎఱ్ఱచెల్కయే. ఇట్టి చెల్కలు తెలంగాణమునందు విస్తారముగా గలవు. ఇవి తేలిక నేలలగుటచే నీటిని నిలుపుకొనజాలవు. వీనిలో సేంద్రియ పదార్థము స్వల్పము. పైపైన చల్లిన యూరియాలోని నత్రజని కొంత ఆవిరియై గాలిలో గలియును, కొంత వానలకు వేళ్లకందని లోతునకు దిగిపోవును. పైరు పచ్చబడుట కంటికి గనబడును గాని ఈ నష్టము కనబడదు.

యూరియా వాడకము పెరుగుటకు రైతుల అజ్ఞానమే కారణమనుట న్యాయము కాదు. 2010 సంవత్సరమున భారత ప్రభుత్వము భాస్వరము, పొటాషు ఎరువులకు పోషకముల ననుసరించి సబ్సిడీ నేర్పరచి, యూరియాను ఆ పద్ధతిలో జేర్చలేదు. యూరియా వెల కట్టడిలో నుండగా తక్కినవాని వెలలు పెరిగినవి. చవుకయైనదానినే రైతులు హెచ్చుగా గొనిరి. 45 కిలోల బస్తాలో నత్రజని సుమారు 20 కిలోలుండును. భాస్వరము, జింకు, బోరాను బొత్తిగా లేవు. నేలలో కొఱవడినది జింకైనచో ఎన్ని బస్తాలు చల్లినను ఆ కొఱత తీరదు.

అట్లని ఎరువులనే మానవలెననుటయు పొరపాటు. రాయదుర్గమునకు వాయవ్యమున పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రమునందు 1976 నుండి రేగడి నేలపై రెండు పద్ధతులను పోల్చి చూచిరి. వానకాలమున బీడుంచి పెంట ఎరువు మాత్రమే వేసిన పాత పద్ధతిలో ముప్పది యేండ్ల సగటున హెక్టారుకు 1 టన్నుకు కొంచెము మించి గింజలు పండెను. వెడల్పయిన ఎత్తుమళ్లు, నడుమ కాలువలు తీసి, కందివంటి పప్పుజాతి పైరును చేర్చి, మితముగా ఎరువులిచ్చిన చోట సుమారు 5 టన్నులు పండుటయేగాక నేలలో సేంద్రియ కర్బనమును హెచ్చెను. రేగడి లెక్క చెల్కకు యథాతథముగా వర్తింపదు గాని మార్గమొక్కటే.

చెల్కకు చెరువు ఒండ్రు మిక్కిలి మేలు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో దీసిన పూడికను అనేకులు పొలములకు తోలుకొనిరి. అయితే దుర్గం చెరువువలె నగరపు మురుగు చేరిన చెరువుల పూడికను పరీక్షింపక తోలరాదు. అందు భారలోహము లుండవచ్చును. ఒండ్రు దొరకనిచోట జనుముగాని జీలుగగాని విత్తి, పూతదశలో కలియదున్నవలెను.

మట్టి పరీక్షకు వేసవియే అనువైన కాలము. గట్లు, చెట్ల నీడలు, ఎరువు కుప్పల చోట్లు విడిచి, ఎకరమునకు 8 మొదలు 10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతున మట్టి దీసి, కలిపి, నీడలో ఆరబెట్టి, అర కిలో మాత్రము గుడ్డసంచిలో నుంచి, సర్వే నంబరును వేయదలచిన పైరును వ్రాసి పంపవలెను.