32 కిలోమీటర్లకు నాలుగు రోజులెందుకు?

మ్యాపులో దూరం కొలిచి, గంటకు నాలుగు కిలోమీటర్లతో భాగించేసి, "అంతే కదా, ట్రెక్ ప్లాన్ అయిపోయింది" అనేవాళ్ళు మన హాస్టళ్ళలో తక్కువేం లేరు. ఆ భాగహారం ఎక్కడ దెబ్బతింటుందో చూడాలంటే హించిన్‌బ్రూక్ దీవిని తీసుకోవాలి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరానికి దగ్గర్లో ఉంది. వానాడవి, మడ అడవి, 1,100 మీటర్లు దాటిన బోవెన్ కొండ, అన్నీ ఉన్న నేషనల్ పార్కు. ఊళ్ళు లేవు, రోడ్లు లేవు, మ్యాగీ పాయింట్ అసలే లేదు. తూర్పు తీరం వెంట 32 కిలోమీటర్ల కాలిబాట, పేరు థోర్స్‌బోర్న్ ట్రెయిల్. భార్య మార్గరెట్‌తో కలిసి ఈ ప్రాంతపు తెల్ల పావురాలను ఏళ్ళ తరబడి లెక్కపెట్టి కాపాడిన ఆర్థర్ థోర్స్‌బోర్న్ పేరే దీనికి పెట్టారు.

మన లెక్కన ఇది ఎనిమిది గంటల నడక. జనం మాత్రం నాలుగు రోజులు తీసుకుంటారు. రాళ్ళెక్కడం, వాగులు దాటడం, వీపు మీద నాలుగు రోజుల సామాను, ఇవన్నీ ఒక కారణం. అసలు కారణం నీళ్ళు. సముద్రపు నీళ్ళు, వాగు నీళ్ళు, సీసాలో నీళ్ళు, ఈ మూడూ కలిసి మన టైమ్‌టేబుల్ రాస్తాయి.

అందుకే ప్లానింగ్ చివరి రోజు నుంచి వెనక్కి చెయ్యాలి. ఉత్తరాన రామ్సే బే దగ్గర పడవ దింపుతుంది, దక్షిణాన జార్జ్ పాయింట్ దగ్గర ఇంకో పడవ ఎక్కించుకుంటుంది. ఆఖరి మజిలీ మలిగన్ ఫాల్స్ నుంచి జార్జ్ పాయింట్‌కి 7.5 కిలోమీటర్లు. మధ్యలో మలిగన్ క్రీక్ అనే వాగు సముద్రంలో కలిసే చోటు ఉంది. దాన్ని పాటు సమయంలో, అంటే సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడే దాటాలి. పోటు మీదుంటే లోతు పెరుగుతుంది, పైగా అది ఉప్పునీటి మొసళ్ళు తిరిగే తావు.

ఒక లెక్క వేద్దాం. నాలుగో రోజు పాటు ఉదయం 10 గంటలకు అనుకోండి. వాగు దాకా గంటన్నర నడక అనుకుంటే గుడారం ఎనిమిదింటికల్లా మడిచెయ్యాలి. పాటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. మూడు రోజులు వెనక్కి వెళ్తే రెండున్నర గంటలు తగ్గి, బయల్దేరే రోజు పాటు ఏడున్నరకు పడుతుంది. ఆ తర్వాత నీరు పెరుగుతుంది కాబట్టి మడ కాలువల గుండా రామ్సే బే వైపు వెళ్ళే మొదటి పడవకీ ఇబ్బంది ఉండదు. అంటే ప్రయాణం తేదీని మన సెలవుల క్యాలెండర్ కంటే ముందు టైడ్ టేబుల్‌లో వెతకాలి. దారిలో ఒకేసారి 40 మందికే అనుమతి, కాబట్టి ఆ తేదీ చాలా ముందే బుక్ చేసుకోవాలి. ఇక్కడ ఒక అదృష్టం, ఆటుపోట్ల పట్టిక ఎంతో ముందే దొరుకుతుంది.

వాన అలా దొరకదు. డిసెంబరు నుంచి మార్చి దాకా కుండపోత, తుఫాన్లు. 2011లో యాసి తుఫాను ఈ తీరాన్నే కొట్టింది. చల్లటి నెలల్లో వెళ్ళినా కొండ మీద గట్టి వాన పడితే వాగు గబగబా పొంగుతుంది. దానికి ఫార్ములా లేదు, ఒక రోజు తిండి అదనంగా మోసుకెళ్ళడమే. పొంగితే ఒడ్డునే ఆగిపోవాలి, తగ్గాకే దాటాలి. ఈ మాట గ్రూపులో అందరూ ఇంట్లోనే ఒప్పుకోవాలి. వాగు ముందు నిలబడి ఓటింగ్ పెడితే "ఏం కాదురా, దాటేద్దాం" అనేవాడే గెలుస్తాడు, ఇది మనకు తెలిసిందే.

వాన అసలు లేకపోయినా చిక్కే. వానల్లేని కాలం చివరికొచ్చేసరికి వాగులు ఎండుతాయి. లిటిల్ రామ్సే బే నుంచి జోయి బే దాకా మజిలీ 10.5 కిలోమీటర్లు, అన్నిటికన్నా పొడవు. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు 4 లీటర్లు అనుకున్నా 4 కిలోల బరువు. బ్యాగు సర్దేటప్పుడు ఆ జాగా, ఆ బరువు ముందే వదిలిపెట్టాలి. ఎక్కడ నీళ్ళున్నాయో బయల్దేరే ముందు పార్కు వాళ్ళను అడగాలి. దొరికిన నీళ్ళు మరిగించో, శుద్ధి చేసో తాగాలి. మంటలు వెయ్యనివ్వరు, చిన్న స్టవ్వే గతి. దానికి ఇంధనం కూడా లెక్కలో వేసుకోండి.

తిండి సంగతి చిన్నదే కానీ చెప్పాలి. అక్కడి ఎలుకలు బ్యాగు కొరికేసి మరీ తింటాయి, అందుకే మజిలీల్లో ఇనప పెట్టెలు పెట్టారు. రాత్రి బిస్కెట్ ప్యాకెట్ కూడా అందులోకే. గుడారం నీటి అంచుకు దూరంగా వెయ్యాలి, అది మొసళ్ళ కోసం.

సెల్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. కాబట్టి శాటిలైట్‌కి సంకేతం పంపే బీకన్ ఒకటి దగ్గరుంచుకోవాలి. ఇంట్లో ఒక కాగితం ఇచ్చి వెళ్ళాలి. అందులో ఎవరెవరు వెళ్తున్నారు, ఏ రాత్రి ఎక్కడ, పడవవాళ్ళ నంబరు, వాగు పొంగితే ఒక రోజు ఆలస్యమవచ్చన్న మాట రాయాలి. దాని కింద, ఏ రోజు ఎన్ని గంటలు దాటితే పోలీసులకు ఫోన్ చెయ్యాలో కూడా. ఆ ఆఖరి లైను రాయకపోతే ఇంట్లోవాళ్ళు మొదటి సాయంత్రమే కంగారుపడతారు, లేదా "వస్తార్లే" అనుకుంటూ మూడు రోజులు ఆగిపోతారు.