బూస్ట్ రావట్లేదా? టర్బో మార్చే ముందు ఒక బల్బుతో ఈ టెస్ట్ చేయండి

శ్రీశైలం నుంచి వస్తూ దోర్నాల దాటాక ఒక లారీని ఓవర్‌టేక్ చేస్తున్నా. సగంలో నా టర్బో పెట్రోల్ కారు పికప్ ఒక్కసారిగా పడిపోయింది. ఎదురుగా బస్సు! బ్రేక్ వేసి మళ్లీ లారీ వెనక్కి వచ్చేశా కాబట్టి బతికిపోయా. కీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే బండి మామూలే. రెండు రోజులకు మళ్లీ అదే సమస్య.

వర్క్‌షాప్‌లో "టర్బో పోయింది సార్, మార్చాలి" అన్నారు. ఎస్టిమేట్ రూ.60 వేలు. ఒప్పుకునే ముందు నా బ్లూటూత్ ఓబీడీ స్కానర్, మల్టీమీటర్ బయటకు తీశా.

కోడ్ ఏం చెప్తోంది?

స్కానర్‌లో రెండు కోడ్‌లు వచ్చాయి. పీ0299 అంటే బూస్ట్ తక్కువగా ఉందని. పీ0245 అంటే వేస్ట్‌గేట్ సోలెనాయిడ్ సర్క్యూట్‌లో వోల్టేజ్ తక్కువగా ఉందని. చాలామంది మొదటిది చూసి టర్బోని అనుమానిస్తారు. కానీ ముందు చూడాల్సింది రెండోదే, ఎందుకంటే అదే మొదటిదానికి కారణం కావచ్చు.

నా బండిలో సోలెనాయిడ్‌కి రెండు వైర్లు. ఒకదాంట్లో ఫ్యూజ్ ద్వారా 12 వోల్టులు వస్తాయి. రెండోదాన్ని ఈసీయూ సెకనుకు ఎన్నోసార్లు గ్రౌండ్‌కి కలిపి, వదిలేస్తూ బూస్ట్‌ని కంట్రోల్ చేస్తుంది. కరెంట్ ఆగిపోతే వేస్ట్‌గేట్ తొందరగా తెరుచుకుంటుంది. ఇంజిన్ నడుస్తుంది, లాగుడు మాత్రం ఉండదు.

మీటర్ కూడా తప్పుదారి పట్టిస్తుంది

కనెక్టర్ పీకి సోలెనాయిడ్ కొలిస్తే 29 ఓమ్‌లు. మాన్యువల్‌లో 25 నుంచి 35 అని ఉంది, అంటే ఓకే. కీ ఆన్ చేసి సప్లై పిన్ కొలిస్తే 12.3 వోల్టులు. అదీ ఓకే! మరి తప్పెక్కడ?

ఇక్కడే అసలు విషయం. మల్టీమీటర్ దాదాపు కరెంట్ లాగదు. వైర్ లోపల తుప్పు పట్టినా ఫుల్ వోల్టేజ్ చూపిస్తుంది. అందుకే సప్లై పిన్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య 12 వోల్టుల, 5 వాట్ల పార్కింగ్ బల్బు పెట్టా. అది దాదాపు 0.4 ఆంపియర్లు లాగుతుంది, సోలెనాయిడ్ కూడా అంతే. బల్బు మసకగా వెలిగింది, మీటర్ 7 వోల్టులకు పడిపోయింది. దొరికింది!

వైర్ వెంటే వెళ్తే ఒక బ్రాకెట్ అంచుకి రాసుకుని తొక్క ఊడింది. నీళ్లు దిగి లోపల రాగి పచ్చగా మారింది. ఆ ముక్క కత్తిరించి, కొత్త వైర్ సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ వేసి, బ్రాకెట్‌కి తగలకుండా కట్టా. ఖర్చు రూ.200 లోపే. కోడ్‌లు మళ్లీ రాలేదు.

మీరు చేసేటప్పుడు

- ఇంజిన్ చల్లారాకే చేయి పెట్టండి. టర్బో దగ్గర చర్మం కాలిపోతుంది.
- బల్బు టెస్ట్ సప్లై వైర్‌కి మాత్రమే. ఈసీయూ వైపు వైర్‌కి నేరుగా 12 వోల్టులు ఇస్తే ఈసీయూ పోవచ్చు.
- పసుపు రంగు ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి అస్సలు వెళ్లొద్దు.
- కొన్ని బండ్లలో ఇంజిన్ స్టార్ట్ అయ్యాకే సప్లై వస్తుంది. మాన్యువల్ చూసుకోండి.
- వైరింగ్ బాగుంటే తర్వాత గొట్టాల లీకులు చూడండి. టర్బో వంతు ఆఖర్న.

కోడ్ చెప్పేది ఎక్కడ వెతకాలో మాత్రమే, ఏ పార్ట్ మార్చాలో కాదు. కొలవకుండా దేనికీ డబ్బులు కట్టకండి.