కోబె నగరపు తీపి అంగళ్లు

ఉద్దేశం

ఒక నగరపు చరిత్రను కోటలలోను, శాసనాలలోను మాత్రమే కాక, ఆ నగరవాసులు తినే పదార్థాలలో కూడా చదువవచ్చునని తెలియజేయడం, విపత్తులో సర్వస్వం కోల్పోయిన మనిషిని అతడు నేర్చిన విద్య ఎట్లు నిలబెడుతుందో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మానవునికి ఆకలి తీర్చే ఆహారం వేరు, ఆనందం కలిగించే ఆహారం వేరు. మధురపదార్థాలు రెండవ కోవకు చెందినవి. పండుగనాడు బొబ్బట్లు, పెండ్లినాడు లడ్డూలు లేనిదే తెలుగువారికి తృప్తి కలుగదు. తీపి మీద ఇటువంటి మక్కువ ప్రపంచంలోని అన్ని జాతులకు ఉంది. అయితే ఒక ఊరి తీపి వంటకాల వెనుక ఎందరి కన్నీళ్లు దాగి ఉంటాయో తినేవారికి సాధారణంగా తెలియదు. జపాన్ దేశంలోని కోబె నగరం ఇందుకు చక్కని నిదర్శనం.

కోబె నగరం ఒసాకాకు పడమటగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉత్తరాన రొక్కో పర్వతశ్రేణి, దక్షిణాన సముద్రం. ఈ రెంటి నడుమ సన్నని పట్టీవలె పరుచుకొన్న ఈ నగరంలో సుమారు 15 లక్షల మంది నివసిస్తున్నారు. రెండు శతాబ్దాలకు పైగా విదేశీయులలో అధికసంఖ్యాకులకు తలుపులు మూసి ఉంచిన జపాన్, 19వ శతాబ్దం మధ్యలో తన రేవులను ఒక్కొక్కటిగా తెరువసాగింది. 1868 జనవరి 1న కోబె రేవు తెరుచుకొంది. ఐరోపా వర్తకులు వచ్చి స్థిరపడ్డారు. వారి వెంట వారి రొట్టెలు, వారి కేకులు కూడా వచ్చాయి.

నేడు సన్నోమియా రైలు స్టేషనులో దిగి, మోతొమాచి వీధి వైపు నడిచే బాటసారిని మొదట పలకరించేది వెన్న వాసన. అక్కడి రొట్టెల అంగడిలో కొనుగోలుదారు ఒక పళ్లెము, ఒక పట్టకారు చేత పట్టుకొని, బల్లల మీద పేర్చిన రొట్టెలలో తనకు నచ్చినవి తానే ఎంచుకొంటాడు. జపానువారు రొట్టెను 'పాన్' అంటారు. ఇది 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా వచ్చిన మాట. మన 'పావ్ భాజీ'లోని 'పావ్' కూడా ఆ పోర్చుగీసు మాట నుండి పుట్టినదే. కోబెలో ఒక విశేషం ఉంది. జపాన్ అంతటా 'మెరొన్ పాన్' అని పిలిచే గుండ్రని తీపి రొట్టెను ఇక్కడి పాతకాలపు వారు 'సన్‌రైజ్', అనగా సూర్యోదయం, అంటారు. వారి దృష్టిలో మెరొన్ పాన్ అంటే కోలగా ఉండి, లోపల తెల్లని చిక్కుడు గింజల ముద్ద గల రొట్టె. ఆ ముద్దను రుచి చూచిన తెలుగువానికి బొబ్బట్టులోని పూర్ణం గుర్తుకు రాక మానదు.

కేకుల అంగళ్లలో మరొక మర్యాద కనబడుతుంది. కేకును పెట్టెలో పెట్టేముందు, ఇల్లు చేరడానికి ఎంతసేపు పడుతుందని అమ్మకందారు అడుగుతాడు. ఆ వ్యవధికి తగినట్లు చల్లదనం నిలిపే పొట్లాలను పెట్టెలో అమర్చుతాడు. తీపి కూడా మితంగానే ఉంటుంది. "మరీ తీయగా లేదు" అనడం అక్కడ మెచ్చుకోలు.

ఈ విద్యను కోబెకు తెచ్చినవారిలో ముఖ్యుడు కార్ల్ యూహైమ్. ఆయన జర్మన్ దేశస్థుడు. చైనాలో జర్మనీ అధీనంలో ఉన్న చింగ్‌దావ్ పట్టణంలో మిఠాయి దుకాణం నడిపేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914లో, జపాన్ సేనలు ఆ పట్టణాన్ని పట్టుకొన్నాయి. యూహైమ్‌ను బందీగా జపానుకు తరలించారు. భార్య ఎలీజె చైనాలోనే ఉండిపోయింది. బందీ అయిన ఆ మనిషి వద్ద మిగిలింది చేతిలోని పనితనం ఒక్కటే. 1919 మార్చిలో హిరోషిమాలో జర్మన్ బందీలు చేసిన వస్తువులను ప్రదర్శించారు. అక్కడ యూహైమ్ 'బౌమ్‌కూఖెన్' అనే కేకు తయారుచేశాడు. 'బౌమ్' అంటే చెట్టు, 'కూఖెన్' అంటే కేకు. నిప్పుల ముందు తిరిగే కడ్డీ మీద పలుచని పిండిని పొర తరువాత పొరగా పోసి కాలుస్తారు. కోసి చూస్తే చెట్టు మానులోని వలయాలవలె కనబడుతుంది. జపానులో ఈ కేకు తయారైనది అదే మొదటిసారి. ఆ ప్రదర్శన జరిగిన భవనమే 1945 ఆగస్టు 6న అణుబాంబు దెబ్బకు శిథిలమై, నేటికీ ఆ ఘోరానికి సాక్షిగా నిలిచి ఉంది.

విడుదలైన తరువాత యూహైమ్ దంపతులు 1922లో యోకొహామాలో సొంత దుకాణం తెరిచారు. మరుసటి సంవత్సరం సెప్టెంబరు 1న వచ్చిన మహాభూకంపంలో అది నేలమట్టమైంది. ఆ భార్యాభర్తలు పిల్లలతో కోబె చేరి, సన్నోమియాలో మళ్లీ పొయ్యి వెలిగించారు. దుకాణం వృద్ధి చెందింది. కాని రెండవ ప్రపంచ యుద్ధం దానినీ కబళించింది. 1945 నాటి వైమానిక దాడులలో కోబె నగరంలో అధిక భాగం దగ్ధమైంది. ఆ ఏడు ఆగస్టు 14న, జపాన్ లొంగుబాటు ప్రకటనకు ఒక్క రోజు ముందు, యూహైమ్ రొక్కో పర్వతం మీద కన్నుమూశాడు. కుమారుడు ఆ యుద్ధంలోనే మరణించాడు. ఎలీజెను జర్మనీకి పంపివేశారు.

కథ ఇక్కడితో ముగిసిపోవలసినదే. కాని యూహైమ్ వద్ద పని నేర్చిన జపాన్ శిష్యులు 1948లో ఆ పేరుతోనే వ్యాపారాన్ని పునరుద్ధరించారు. 1953లో ఎలీజె తిరిగి కోబెకు వచ్చి, 1971లో మరణించే వరకు అక్కడే ఉంది. గురువు నేర్పిన విద్యను శిష్యులు నిలబెట్టారు. ఆ విద్యే గురుపత్నికి మళ్లీ ఒక ఊరిని ఇచ్చింది. చెట్టు వలయాలు దీర్ఘాయువుకు గుర్తు కనుక, జపానులో నేడు పెండ్లికి వచ్చిన అతిథులకు బౌమ్‌కూఖెన్‌ను కానుకగా ఇచ్చే ఆచారం ఉంది.

హైన్రిఖ్ ఫ్రాయిండ్‌లీబ్ కూడా చింగ్‌దావ్‌లో పట్టుబడిన జర్మన్ బందీయే. విడుదలై, నగోయాలోని ఒక రొట్టెల కర్మాగారంలో పనిచేసి, 1924లో కోబెలో రొట్టెల దుకాణం పెట్టాడు. ఆయన పేరు గల అంగడి ఇప్పుడు ఒక పాత చర్చి భవనంలో ఉంది. క్రింద రొట్టెలు అమ్ముతారు. పైన, ఒకప్పుడు ప్రార్థనలు జరిగిన విశాలమైన గదిలో, జనులు కాఫీ త్రాగుతారు.

1917 విప్లవం తరువాత రష్యా విడిచివచ్చిన కాందిశీకులు ఈ నగరానికి చాకొలెట్లు నేర్పారు. గొంచరోఫ్, మొరొజోఫ్ అనే రష్యన్ పేర్లు నేటికీ కోబె మిఠాయి పెట్టెల మీద కనబడతాయి. 1931లో స్థాపితమైన మొరొజోఫ్ సంస్థ 1936లో ఒక ఆంగ్ల పత్రికలో, వాలెంటైన్ దినాన ప్రియమైనవారికి చాకొలెట్లు ఇమ్మని ప్రకటన వేయించింది. ఫిబ్రవరి 14న స్త్రీలు పురుషులకు చాకొలెట్లు ఇచ్చే నేటి జపాన్ ఆచారానికి ఆ ప్రకటనను తొలి బీజంగా చెబుతారు.

కోబెను ఆశ్రయించినవారిలో భారతీయులు కూడా ఉన్నారు. యూహైమ్ దుకాణాన్ని కూల్చిన 1923 భూకంపమే యోకొహామాలోని సింధీ వర్తకులలో అనేకులను కూడా ఈ నగరానికి చేర్చింది. 1935లో నిర్మించిన కోబె మసీదు, 1985లో వెలసిన జైన దేవాలయం ఆ అనుబంధానికి గుర్తులు.

1995 జనవరి 17న తెల్లవారుజామున భూకంపం కోబెనే కుదిపివేసింది. 6,400 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇండ్లు, రహదారులు, రేవుకట్టలు కూలిపోయాయి. ఒకనాడు భూకంప బాధితులకు ఆశ్రయమిచ్చిన నగరం తానే బాధిత నగరమైంది. కాని క్రమంగా కోలుకొంది. ఫ్రాయిండ్‌లీబ్ అంగడి ఉన్న చర్చి భవనం కూడా ఆనాడు దెబ్బతిన్నదే. దానిని కూలగొట్టక, బాగుచేసి, 1999లో రొట్టెల అంగడిగా తెరిచారు.

ధనాన్ని అగ్ని దహిస్తుంది. ఇంటిని భూమి మ్రింగుతుంది. చేతికి వచ్చిన విద్యను మాత్రం ఏ యుద్ధమూ అపహరించలేదు. అయితే ఆ విద్య ఫలించాలంటే, దానిని ఆదరించే ఊరు కూడా ఉండాలి. కోబె అంగడిలో ఒక ముక్క కేకు తినేవారు ఈ రెండింటి రుచిని ఒక్కసారే చూస్తున్నారు.

కఠిన పదాలు – అర్థాలు

మక్కువ = ఇష్టం
కోవ = తరగతి, వరుస
పట్టకారు = వస్తువులను పట్టుకొనే సాధనం
కోలగా = గ్రుడ్డు ఆకారంలో
వలయం = గుండ్రని గీత
శిథిలం = కూలి పాడైనది
కబళించు = మ్రింగు
కాందిశీకులు = ప్రాణభయంతో దేశం విడిచి వచ్చినవారు

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. యూహైమ్ దంపతుల జీవితంలోని ఒడిదుడుకులను వివరించండి.
2. కోబె నగరం తీపి పదార్థాలకు ప్రసిద్ధి పొందడానికి గల కారణాలను వ్రాయండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. బౌమ్‌కూఖెన్ తయారుచేసే విధానం ఏది?
2. కోబెకు, భారతీయులకు గల సంబంధం ఎట్టిది?

III. సంధులు
అధికాంశం = అధిక + అంశం – సవర్ణదీర్ఘ సంధి
మహోపద్రవం = మహా + ఉపద్రవం – గుణ సంధి
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశ సంధి

IV. సమాసాలు
మధురపదార్థాలు – మధురమైన పదార్థాలు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
భార్యాభర్తలు – భార్యయును, భర్తయును – ద్వంద్వ సమాసం
భూకంప బాధితులు – భూకంపము చేత బాధితులు – తృతీయా తత్పురుష సమాసం

V. సొంత వాక్యాలలో ప్రయోగించండి: నేలమట్టమగు, కన్నుమూయు, నిలబెట్టు.