రెండు బటన్లు

కారులో వేల భాగాలు ఉంటాయి. చాలావాటిని ఇనుప రేకుతో చేస్తారు. రేకును ప్రెస్సు మిషను కింద పెడతారు. పైనుంచి అచ్చు దిగుతుంది. ఒక్క దెబ్బకు రేకు వంగుతుంది.

కొన్నిచోట్ల రేకును రోబో అనే మరమనిషి పెడుతుంది. కొన్నిచోట్ల మనుషులే పెట్టాలి. అచ్చుకు రేకయినా ఒకటే, వేలయినా ఒకటే.

అందుకే మిషనుకు రెండు బటన్లు ఉంటాయి. రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే అచ్చు దిగుతుంది. చేతులు బటన్ల మీద ఉంటే అచ్చు కింద ఉండవు కదా!

పాత మిషన్లలో పని తొందరగా కావాలని కొందరు ఒక బటను నొక్కి కట్టేస్తారు. ఖాళీగా ఉన్న చెయ్యి అచ్చు కిందికి పోతుంది. పోయిన వేలు మళ్లీ మొలవదు.

కదిలే మిషనుకు రక్షణ ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. కట్టు విప్పమని ఒక్కరు అడిగితే కసురుతారు. అందరూ కలిసి అడగాలి.

చెప్పండి: మిషనుకు రెండు బటన్లు ఎందుకు?