ఆలుచిప్ప చెప్పు సాక్ష్యము

దుమ్ముగూడెమువద్ద గోదావరిపై 19వ శతాబ్దిలో పడవల రాకపోకలకై కట్టిన ఆనకట్ట గలదు. వేసవిలో నీరు తగ్గిన వేళ ఇట్టి రేవులలో దిగినచో ఇసుకలో సగము పూడుకొనిన ఆలుచిప్పలు కనిపించును. వాని ప్రక్కనే చినిగిన సంచులు, షాంపూ పొట్లములు, తెగిన నైలాను వలముక్కలు కనిపించును. ఈ రెంటికిని గల సంబంధమును పంచాయతీ సభ్యులకు ఎరుకపరచుట ఈ పాఠముయొక్క ఉద్దేశము.

ఆలుచిప్ప మేతకై వెదకుచు తిరుగదు. నీటిని లోనికి పీల్చి, మొప్పలతో వడకట్టి, అందలి సన్నని నాచును తిని, మిగిలిన నీటిని వెలుపలికి విడుచును. ఇది నదికి జల్లెడ వంటిది. మనము పారవైచిన ప్లాస్టిక్కు ఎండకు పెళుసై, రాపిడికి నలిగి తునకలగును. 5 మిల్లీమీటర్లకంటె చిన్నవగు తునకలను సూక్ష్మ ప్లాస్టిక్కు అందురు. వానిలో మిక్కిలి సన్ననివి మేతతోపాటు చిప్ప కడుపులోనికి పోవును.

“చిప్పలు చావలేదు గదా, నష్టమేమి?” అని ఎవరైన అడుగవచ్చును. నీటిని వడకట్టి జీవించుటలో నది చిప్పయు సముద్రపు చిప్పయు ఒకే తీరు గలవి. ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు సముద్రపు ఆయిస్టరు చిప్పలను రెండు నెలలపాటు సూక్ష్మ ప్లాస్టిక్కు గుళికలు కలిపిన నీటిలో ఉంచి, 2016లో ఫలితములను ప్రకటించిరి. చిప్పలు బ్రతికియే యున్నవి. కాని వాని అండముల సంఖ్య 38 శాతము, పిల్లల సంఖ్య 41 శాతము తగ్గినవి. ఇది తొట్టెలో జరిగిన పరీక్ష. నదిలో ప్లాస్టిక్కు పాలు చోటును బట్టి మారును. అయినను హాని పైకి కనబడకయే సంతతిని తాకగలదని దీనివలన తెలియుచున్నది.

కనబడని హానిని కనుగొనుటకు జన్యువులను చదువు విద్య తోడ్పడును. ప్రతి ప్రాణి దేహకణములందును డి.ఎన్.ఎ. అను పదార్థముండును. అది నాలుగే అక్షరములతో వ్రాసిన పెద్ద దస్తరము వంటిది. ఆ అక్షరములను వరుసగా చదువుటయే జన్యుక్రమ నిర్ధారణము. ఆయిస్టరు దస్తరమును 2012లో చదివి ప్రకటించిరి. మన దేశమున కొచ్చి నగరమందలి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు పచ్చ ఆలుచిప్ప జన్యుక్రమమును 2023లో వెల్లడించిరి. అందు 15 క్రోమోజోములు, 49,654 జన్యువులు ఉన్నట్లు తేలినది.

దస్తరము చేతికి వచ్చిన పిమ్మట, అందు ఏ పుటలు ఎప్పుడు తెరువబడుచున్నవో చూడవచ్చును. వరదకాలమున పంచాయతీ కార్యాలయమున సహాయపు కాగితములే ముందు బల్లమీదికి వచ్చును గదా! అట్లే కష్టము సోకిన చిప్పలో కొన్ని జన్యువులు చురుకగును, కొన్ని మందగించును. ఫ్రాన్సు పరీక్షలో సంతానోత్పత్తికి పోవలసిన శక్తి దేహరక్షణకు మళ్లినట్లు ఈ విధముగనే తెలిసినది. చిప్ప చచ్చుటకు ముందే అది చెప్పు సాక్ష్యమిది.

అయితే శాస్త్రజ్ఞుడు హానిని చూపగలడు గాని, నదిలో కలిసిన తునకలను ఏరివేయజాలడు. ఒడ్డునే ఆపవలెను. ఆ పని పంచాయతీది. 2016నాటి ప్లాస్టిక్ వ్యర్థముల నిర్వహణ నిబంధనలు ఈ బాధ్యతను గ్రామ పంచాయతీలకును అప్పగించినవి. ఒక్కసారి వాడి పారవేయు కొన్ని వస్తువులను 2022 జులై 1 నుండి దేశమంతటను నిషేధించిరి.

కావున సభ్యులు వానలకు ముందే వాగుల మొగలను, రేవులను శుభ్రము చేయించవలెను. సంత ముగిసిన సాయంత్రమే పొడిచెత్తను వేరుగా ఎత్తించవలెను. పర్ణశాలకు వచ్చు యాత్రికులకు రేవువద్ద చెత్తబుట్టలు కనబడవలెను. ప్లాస్టిక్కును తగులబెట్టుట తగదు. పొగ మన ఊపిరితిత్తులకే చేరును. తెగిన వలలను నీట విడువక ఒడ్డున ఒకచోట కుప్పవేయుడని జాలరి సోదరులను కోరవలెను.

మన రేవున జారిన సంచి గోదావరి వెంబడి సముద్రమును చేరవచ్చును. అచ్చట చేపలు పట్టియు, గుల్లలు ఏరియు జీవించు కుటుంబములు గలవు. ఎగువ పంచాయతీ చూపిన శ్రద్ధ దిగువవారికి అన్నమగును.