అమెరికా బైసను: పచ్చికబయలు నేర్పు పాఠము



ఎముకల పొడి నేలకు భాస్వరము నిచ్చు మేలైన యెరువని గ్రామసభలలో నేను పలుమారులు చెప్పియుంటిని. ఆ పొడికై యొక దేశపు రైతులు తమ బీళ్లనుండి పుఱ్ఱెలను, ప్రక్కటెముకలను బండ్లకొలది యేఱి రైలుస్టేషనులకు తోలిన కాలమొకటి కలదు. ఇది 1870 తరువాత నిరువది యేండ్లకాలము ఉత్తర అమెరికా నడిమి పచ్చికబయళ్లలో జరిగిన సంగతి. ఆ యెముకలు బైసను అను అడవిపశువులవి. టన్నుకు 4 మొదలు 12 డాలర్ల వఱకు వెల పలికెను. పంట చెడిన యేట క్రొత్తగా కాపురము వచ్చిన రైతునకు ఆ సొమ్మే కూడు పెట్టినది. తాను తోలుకొనిపోవునది తన నేల పూర్వపు బలమని మాత్ర మతడెఱుగడు. ఈ నెల పాఠమునకు ఆ పశువునే విషయముగా గైకొంటిని.

పశువు స్వరూపము

బైసను మన పశువులకు జ్ఞాతియే. పాపికొండలు మున్నగు మన యడవులందలి అడవిదున్నను గూడ ఆంగ్లేయ వేటకాండ్రు బైసనని పిలిచిరి గాని, అది వేఱు, ఇది వేఱు. అమెరికా బైసనునకు మూపున పెద్ద గూనును, తలకు మెడకు దట్టమైన జూలును, పొట్టి కొమ్ములును ఉండును. పోతు మూపువద్ద 6 అడుగుల యెత్తు, 900 కిలోల బరువు వఱకు పెరుగును. అంత బరువుతోను గంటకు 50 కిలోమీటర్లకు మించిన వడితో పరుగెత్తగలదు. చలికాలమున మంచును తలతో త్రోసి క్రింది గడ్డిని మేయును. ఆవు తొమ్మిది నెలలు మోసి యొక దూడను ఈనును.

నేలకు చేయు మేలు

ఈ పశువు ముఖ్యముగా గడ్డినే మేసి, పూలమొక్కలను చాలవఱకు విడిచిపెట్టును. గడ్డి యొత్తిడి తగ్గుటచే ఆ మొక్కలు పెరిగి తేనెటీగలకు ఆహారమగును. పేడయు మూత్రమును నేలకు నత్రజనిని త్వరగా తిరిగి యిచ్చును. మందలు మట్టిలో పొర్లగా నేర్పడిన పల్లములలో వాననీరు నిలిచి కప్పలకు, నీటిమొక్కలకు చోటగును. రాలిన యున్నిని పక్షులు గూళ్లలో పఱచుకొనును. కాన్సాసు రాష్ట్రమందలి కొంజా పచ్చికబయలులో 29 ఏండ్లు సాగి, 2022లో ప్రకటింపబడిన పరిశోధనవలన, బైసనులు మేసినచోట దేశీయపు మొక్కల జాతులు ఇంచుమించు రెట్టింపైనట్లు తేలినది. పెంపుడు పశువులు మేసినచోటను వృద్ధి కలిగెను గాని, అంతకంటె చాల తక్కువ. తీవ్రమైన అనావృష్టి వచ్చినను బైసనుల బీటిలో ఆ వృద్ధి చెడలేదు.

నాశనము

పూర్వము ఆ పశువులు 3 కోట్లు మొదలు 6 కోట్ల వఱకు నుండెనని అంచనా. 1869లో ఖండమున కడ్డముగా రైలుదారి పూర్తియైనది. 1871 ప్రాంతమున ఈ తోలును యంత్రముల పట్టీలకు పనికివచ్చునట్లు పదునుచేయు విధము కనుగొనబడెను. వేటకాండ్రు తోళ్లు వలుచుకొని మాంసమును కుళ్లవిడిచిరి. మందలు పోయిన ఆదివాసులు లొంగుదురని కొందఱు సేనాధికారు లావేటను మెచ్చుకొనిరి. 1883 నాటికి దక్షిణపు మందయు, ఉత్తరపు మందయు నశించెను. 1889లో విలియం హార్నడే లెక్క కట్టగా, అడవులలోను దొడ్లలోను కలిసి 1,091 మాత్రమే మిగిలినవి.

ఆదివాసులకు దాని మాంస మాహారము, తోలు గుడారము, నరము దారము, ఎముక పనిముట్టు. ఎండిన పేడను మన పిడకలవలె పొయ్యిలో పెట్టుకొనిరి. తెల్లని బైసను పెయ్యగా మాఱగల దేవకన్య తమకు పవిత్రమైన చిలుమును, ప్రార్థనావిధులను ఒసగెనని లకోటావారు చెప్పుకొందురు. కావున మంద నశించుట వారికి కఱవును, గుడి కూలుటయు గూడ నైనది.

పునరుద్ధరణము

మిగిలిన కొలదిపాటి పశువులను మొదట కాపాడినవారిలో పశుపోషకులే ముఖ్యులు. టెక్సాసులో చార్లెస్ గుడ్‌నైట్, భార్య మేరీ ఆన్ ప్రోద్బలముచే కొన్ని దూడలను పట్టి పెంచెను. మోంటానాలో ఆదివాసులు తెచ్చిన దూడలనుండి మఱియొక మంద వృద్ధియైనది. ఎల్లోస్టోన్ వనమున వేటను నిషేధించుచు 1894లో చట్టము పుట్టెను. 1902లో అచ్చట సుమారు 25 మాత్రమే మిగులగా, పై రెండు మందలనుండి 21 కొని చేర్చిరి. 1907లో న్యూయార్కు జంతుశాలనుండి 15 పశువులను రైలుపై ఓక్లహోమాకు పంపిరి. 2016లో బైసను ఆ దేశపు జాతీయ క్షీరదముగా ప్రకటింపబడెను. నేడు మొత్తము సుమారు 5 లక్షలు గలవు. అందధికభాగము మాంసమునకై పెంచు మందలే.

మన సంఘసభ్యులు ముఖ్యముగా గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఆదివాసి జాతులు కొన్ని కూడి 1992లో బైసనులకై యొక సహకార సంఘమును నెలకొల్పుకొనినవి. కంచెలు, పశువుల తరలింపు, శిక్షణము ఒంటరిగా నొక జాతికి భారమగుటచే కలిసి యా భారము మోసిరి. నేడందు 80కి మించిన జాతులు సభ్యులై యున్నవి.

రైతు భయము

ఎల్లోస్టోన్ మందలో బ్రూసెల్లోసిస్, అనగా చూడిపశువు లీసుకపోవు రోగము, 1917లో కనుగొనబడెను. ఐరోపావారు తెచ్చిన పెంపుడు పశువులనుండియే అది వాటికి సోకినది. చలికాలమున మేతకై బైసనులు వనము దాటి దిగిరాగా, తమ పశువులకు రోగము తగులునని మోంటానా రైతులు భయపడుదురు. రోగము సోకిన మంద యింటికెంత నష్టమో పాడిరైతులకు నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. కాని ఆ ప్రాంతమున అడవి బైసనునుండి పెంపుడు పశువునకు రోగము సోకిన దృష్టాంతము నమోదు కాలేదు. ఎల్క్ అను పెద్దజాతి దుప్పులనుండి సోకినట్లు 2017లో శాస్త్రజ్ఞుల సంఘము తేల్చెను. అయినను వందలకొలది బైసనులు పట్టుబడి వధింపబడిన చలికాలములు పెక్కు కలవు. కొన్నింటిని వేఱుగా నుంచి పరీక్షించి, రోగము లేదని తేలిన పిమ్మట ఆదివాసుల భూములకు పంపుచున్నారు. ఈ రెండవ మార్గమే రైతునకును పశువునకును న్యాయము.

మనము చేయవలసినది

మనదేశమునను 1968లో బందిపూరు, ముదుమలై అడవులలో ముసరరోగము అడవిదున్నలను పెక్కింటిని చంపెను. టీకాల బలముచే ఆ రోగము 2011 నాటికి లోకమునుండియే తొలగెను. కావున అడవి యంచున పశువులను మేపువారు ఈ క్రింది సంగతులను మఱవరాదు.

1. గాలికుంటు టీకాలను తప్పక వేయింపుడు. 4 మొదలు 8 నెలల వయసుగల ఆవుపెయ్యలకు, గేదెపెయ్యలకు బ్రూసెల్లోసిస్ టీకా నొకసారి వేయింపుడు.

2. పశువు ఈసుకపోయినచో పిండమును, మాయను వట్టిచేతులతో ముట్టక, సున్నము చల్లి లోతుగా పూడ్చుడు. ఈ రోగము మనుష్యులకును సోకును, పచ్చిపాలు త్రాగకుడు.

3. ఊరి బీటిని భాగములుగా విభజించి, ఒకటి మేయుచుండ తక్కినవి కోలుకొనునట్లు మార్చి మార్చి మేపుడు.

ఎముకలమ్మిన రైతునకు ఆ యేటి కూడు దొరికెను. ఆ మందలను తిరిగి తెచ్చు పని నూఱేండ్లు దాటినను ముగియలేదు. మన బీళ్ల విషయమున అట్టి బేరము చేయకుందము గాక.