మాంసపు వెలయు, రైతు ఇంటి లెక్కయు

ఆదోని, యెమ్మిగనూరు ప్రాంతపు గ్రామములకు మేము పోయినపుడెల్ల సంఘ సభ్యులు అడుగు ప్రశ్న యొకటి కలదు. ఆదివారము నాడు అంగడిలో మాంసము కొనుట సంసారికి భారమైనది. దానికి మారుగా పిల్లలకేమి పెట్టవలెను? ఇది వంటింటి ప్రశ్నగా కనబడినను, విచారింపగా సేద్యపు ప్రశ్నయే. ఏలయన, మారుగా తినదగినవన్నియు మన పొలములోను పెరటిలోను పుట్టునవియే. వానిని చౌకగా అమ్ముకొని మాంసమును ప్రియముగా కొనుచున్నాము.

మొదట లెక్క చూతము. పొట్టేలు మాంసము కిలో 800 రూపాయలనుకొందము. అయిదుగురున్న ఇంటికి వారమునకొకమారు అరకిలో తెచ్చినచో 400 రూపాయలగును. ఎముక పోగా అందులోని మాంసకృత్తులు సుమారు 70 గ్రాములు; తలకు 14 గ్రాములు. 60 కిలోల బరువుగల మనిషికి దినమునకు ఇంచుమించు 50 గ్రాములు కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి లెక్క. వారమునకు 350 గ్రాములు కావలసినచోట అంగడి మాంసమిచ్చునది 14 గ్రాములు. తక్కినదంతయు నేటికిని జొన్నరొట్టెయు, పప్పును, పాలును ఇచ్చుచున్నవే. అదియునుగాక ఆ అరకిలోలో ముక్కలు మగవారి పళ్లెమునకు పోయి, తల్లికి పులుసు మాత్రమే మిగులు ఇండ్లు ఎన్ని లేవు? అదే 400 రూపాయలతో, గ్రుడ్డు 7 రూపాయలైనచో 57 గ్రుడ్లు వచ్చును. వానిలో మాంసకృత్తులు 340 గ్రాములు. ఉలవలు కిలో 80 రూపాయలైనచో 5 కిలోలు వచ్చును. వానిలో 1,100 గ్రాములు. ఈ వెలలు లెక్కకై తీసికొన్నవి. మీ ఊరి వెలలు వేసికొని సరిచూచుకొనుడు.

మాంసకృత్తులను మాటలోనే మాంసమున్నందున, అవి మాంసములో తప్ప లేవని కొందరు తలచుచున్నారు. దేహములో కండను కట్టునవి అని మాత్రమే దాని భావము. అవి గింజలలోను సమృద్ధిగా కలవు.

ఉలవల సంగతి చూడుడు. ఉలవలను ఉడికించి, కట్టును వంచి చారు కాచుకొని, గింజలను ఎద్దులకు పెట్టుట మన పూర్వపు అలవాటు. కండ కట్టు సరకు ఎద్దుకు పోయినది; రుచి మనకు మిగిలినది! ఎద్దు పాలు ఎద్దుకు ఇయ్యవలసినదే గాని, ఇంటివారును గింజను తినవలెను. రాత్రి నానబెట్టి, మూటగట్టి మొలకెత్తించి గుగ్గిళ్ళు చేసినచో సులభముగా జీర్ణమగును, కడుపు ఉబ్బరమును తగ్గును. పైన నిమ్మరసము పిండినచో అందలి ఇనుము ఒంటికి బాగుగా పట్టును. రక్తము తక్కువైన స్త్రీలకు ఇది ముఖ్యము. తిన్న వెంటనే తేనీరు త్రాగుట ఆ మేలును చెరచును. మరియొక సంగతి: పప్పుధాన్యములో కొరవడిన అంశము జొన్నలోను కొఱ్ఱలోను, వానిలో కొరవడినది పప్పులోను ఉన్నది. కావున రెండును తినవలెను. రొట్టెకు పప్పు తోడుండుట మన పెద్దలు చేసిన మంచి యేర్పాటు.

బుడ్డలలో నూటికి 25 పాళ్ళు మాంసకృత్తులే. కళ్ళము నుండి బస్తాలన్నియు బండికెక్కించక, ఇంటి ఖర్చునకు ఒకటి రెండు ఆపుకొనవలెను. బూజు పట్టినవి, ముడుతలు పడినవి పిల్లలకు పెట్టరాదు. అందు అఫ్లటాక్సినను విషముండును. వేయించినను అది పూర్తిగా పోదు.

ఇంతమాత్రమున మాంసాహారము వట్టిదని మేము చెప్పుట లేదు. రక్తమునకును నరములకును కావలసిన బి-12 అను విటమిను గింజలలో లేదు. గ్రుడ్డు, పాలు, చేప, మాంసములలోనే కలదు. ఇందుకు చౌకైన దారి పెరటి కోడి. నాటుకోడి యేడాదికి 50, 60 గ్రుడ్లు పెట్టును. రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధనాలయమువారు కల్పించిన వనరాజా, గ్రామప్రియ జాతులు పెరటిలో తిరిగి మేయుచునే అంతకు మించి పెట్టును. అయితే ఆ పెట్టలు పొదుగవు, పిల్లలను తెచ్చుకొనవలసినదే. మొదటి వారము పిల్లలకు 35 డిగ్రీల వేడి కావలెను. ఇంటికొకరు పది పిల్లలను తెచ్చి, చలికిని పిల్లికిని అప్పగించుటకంటె, సంఘము ఒక గదిలో అందరి పిల్లలను ఆరు వారములు పెంచి పంచుట మేలు. నూలు కొనుటకు, బట్ట అమ్ముటకు ఒంటరిగా చాలని నేతగాండ్రను 1938లో మాచాని సోమప్పగారు యెమ్మిగనూరులో సంఘముగా కూర్చిరి. కోడిపిల్లల విషయమున మనకంతపాటి పనియు కాదా?

మన ప్రాంతమున సుగ్గికి పోవు కుటుంబములు పెక్కు. మిరపకోతకు గుంటూరు సీమకు పోవుచు కోళ్ళను తెగనమ్ముట చూచుచున్నాము. జూలైలో పిల్లలను తీసికొన్నచో అవి గ్రుడ్లకు వచ్చునది జనవరిలో, అనగా సరిగా ఆ వలస దినములలోనే. ఇంట నిలిచిన ముసలివారికి కోళ్ళను, వారి యొద్ద విడిచిన పిల్లలకు గ్రుడ్లను ఉంచి పోవలెను.

ఇక పండుగలకు, పెండ్లికి మాంసము తప్పదందురు. అట్టివేళ పదియిండ్లు కూడి పొట్టేలును కోసి పోగులు వేసికొనుట మనకు క్రొత్త గాదు. క్రొత్తగా కావలసినది కాటా. 30 కిలోల పొట్టేలునకు మాంసము సుమారు 14 కిలోలు పడును. పైని వెలకు 11,200 రూపాయలు. తలకాయ, కాళ్ళు, బోటి, చర్మము వేరు. దానినే సంతలో కంటి అంచనాకు అమ్మి, మరల కిలోల లెక్కను కొను రైతు, వ్యాపారి లాభమును రెండుమార్లు చెల్లించుచున్నాడు. సంఘపు కాటా మీద తూచనిదే జీవమును అమ్మరాదు.

పశుమాంసము తినువారికిని ఇదే లెక్క. 1977 నాటి రాష్ట్ర చట్టము గోవధను నిషేధించినది. ఎనుము మాంసమునకు విదేశీ ఎగుమతి కలదు కావున, ఊరి గిరాకితోపాటు రేవు వెలయు దానిని పైకి లాగుచుండును.

కోడిపిల్లలకు ఏడవ దినమున లసోటా చుక్కయు, ఎనిమిదవ వారమున ఆర్-టు-బి టీకాయు వేయించినచో కొక్కెర తెగులు సోకదు. గొఱ్ఱెలకు చిటుకు రోగపు టీకా తొలకరికి ముందే పడవలెను. ఇందుకు పశువైద్యశాలకు ఒక్కొక్కరు పోవుటకంటె, సంఘ కార్యదర్శి యొద్ద కోళ్ళ, గొఱ్ఱెల సంఖ్య వ్రాయించి, ఊరంతటికి ఒకే దినమును కోరుడు.